దేనితో గట్టిపడుతుంది

రాజమండ్రి,
9 నవంబరు 1953

అక్కా,

ఈ ఉత్తరం తెచ్చే లోవరాజు చేత ఒక అట్టపెట్టె కూడా పంపుతున్నాను. అందులో ఆరు పొట్లాలున్నాయి. పైన గులాబీ పువ్వు బొమ్మ ఉంటుంది. దాన్ని జెల్లీ అంటారు. నేను కొత్తగా చేరిన మద్రాసు కంపెనీ సరుకు ఇదే. గోదావరికి ఇటూ అటూ ఉన్న కొట్లకు దీన్ని అలవాటు చేయడం నా పని. కొన్నాళ్ళు చూసి ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు.

చేయడం చాలా తేలిక. నీళ్ళు మరగబెట్టి, దింపి, పొడి పోసి కలిపితే అయిపోయింది. పంచదార కూడా అందులోనే ఉంది. గిన్నె చల్లని చోట పెడితే మర్నాటికి తాటి ముంజెలా గట్టిపడుతుంది. చీటీలో రాసినదానికంటే నీళ్ళు కొంచెం తగ్గించు. మన వైపు ఉక్కకి అదే మంచిది.

అందరికంటే ముందు నీకే పంపుతున్నాను. మూడేళ్ళ కిందట ఒక్కరోజులో చేపా, మాంసం, పాలు, పెరుగు, నెయ్యి అన్నీ మానేశావు. ఎందుకని ఎవరడిగినా చెప్పలేదు. మా పిల్లవాడి బారసాలనాడు అందరూ కోవా బిళ్ళలు తింటుంటే నువ్వు అన్నంలో చింతపండు పులుసు పోసుకుని తిని లేచిపోయావు. ఆదిలక్ష్మి ఆ మాట ఇప్పటికీ అంటుంది, వదినగారికి మనింట్లో తీపి పెట్టలేకపోయామని. ఇందులో పాలు లేవు, నెయ్యి లేదు. నిశ్చింతగా తిను. ఎలా ఉందో రాయి.

బావగారిని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు,
సోమేశ్వరరావు

*

మామిడికుదురు,
17 నవంబరు 1953

తమ్ముడు సోమేశ్వరానికి,

పెట్టె చేరింది. లోవరాజుకి భోజనం పెట్టి పంపాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. గిన్నె తీసుకెళ్ళి నీళ్ళ కుండ కింద తడి ఇసకలో కూరి పెట్టాను. తెల్లారేసరికి గట్టిపడింది. మీ బావగారు గిన్నె కదిపి చూసి, "ఏమే, ఇది చచ్చిందా, ఇంకా ప్రాణం ఉందా? వణుకుతోందే!" అన్నారు. అని, గిన్నెడూ ఆయనే తినేశారు. బాగుందన్నారు.

నేను తినలేదు. తినే ముందు ఒకటి తెలియాలి. సగ్గుబియ్యం పాయసం చల్లారితే చిక్కబడుతుంది, సగ్గుబియ్యం ఉంది కాబట్టి. బెల్లం గట్టిపడుతుంది, పాకం పట్టాం కాబట్టి. పంచదార నీళ్ళు మాత్రం ఎన్నాళ్ళుంచినా నీళ్ళే. మరి ఇది దేనితో గట్టిపడుతుంది? పొట్లం మీద ఇంగ్లీషులో చాలా రాసి ఉంది. నేను ఐదో క్లాసుతో ఆపేశాను. నువ్వు చదువుకున్నావు.

పాలూ నెయ్యీ లేవని రాశావు. సరే. పశువు ఒంట్లోంచి వచ్చినది ఇంకేదైనా ఉంటే కూడా నాకు పనికిరాదు. ఉంటే ఉందని రాయి, మిగిలిన ఐదు పొట్లాలూ మీ బావగారికి చేసి పెడతాను. ఈ ఇంట్లో చేపల పులుసు వండి పెడుతూనే ఉన్నాను, ఇదేమంత పని కాదు. లేకపోతే లేదని రాయి, తింటాను.

తీపి అంటే నాకు ఇష్టం లేక మానలేదు. అది నీకు తెలుసు.

వీరాయమ్మ

*

రాజమండ్రి,
25 నవంబరు 1953

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. వకీలు కూడా అన్ని ప్రశ్నలు వేయడు.

అది నాచు. సముద్రంలో రాళ్ళకి పట్టుకుని పెరుగుతుంది. ఎండబెట్టి పొడి చేస్తారు. మద్రాసులో తురకలు చైనాగడ్డి అని దానితో మిఠాయి చేసుకుంటారు, నేను చూశాను. పొట్లం మీద దాని ఇంగ్లీషు పేరు ఉంది. పశువుది ఏదీ లేదు. ఇంకేం అనుమానం పెట్టుకోకు.

అమలాపురంలో నాలుగు కొట్లు, రాజోలులో రాజబాబు గారి కొట్టు ఒప్పుకున్నాయి. పొదుపుగా చేస్తే ఒక పొట్లం ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. జనానికి కొత్త అంటే కొంచెం బెదురు. అది పోతే ఇక ఆగదు.

నీ తమ్ముడు,
సోమేశ్వరరావు

*

మామిడికుదురు,
22 డిసెంబరు 1953

తమ్ముడు సోమేశ్వరానికి,

తిన్నాను. మూడేళ్ళుగా నేను తిన్న తీపి అంటే బెల్లం ముక్క, కొబ్బరి పాలు పోసిన పాయసం, అంతే. ఇది నోట్లో పెట్టుకోగానే చల్లగా జారిపోయింది. గులాబీ వాసన మొదట కొంచెం ఎబ్బెట్టుగా ఉంది, తరవాత అలవాటైంది. రెండు పొట్లాలు నేనొక్కదాన్నే తిన్నాను. ఇది మీ బావగారికి తెలుసు, నీకూ చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పకు.

పక్కింటి కామాక్షమ్మ గారికి ఒక పొట్లం ఇచ్చాను. ఆవిడ సంగతి నీకు తెలిసిందే. డెబ్భై ఏళ్ళ మనిషి. ఏకాదశినాడు గింజ ముట్టరు. ఆ రోజు పళ్ళు దొరికితే పళ్ళు, లేకపోతే మంచినీళ్ళు. మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగరు గదా, అందుకని విప్పని పొట్లమే చేతికి ఇవ్వకుండా అరుగు మీద పెట్టాను. ఆవిడ మడి నీళ్ళతో తన గిన్నెలో తనే చేసుకున్నారు. "గింజ లేదు, పాలు లేవు. నాచంటే జలంలోదేగా. ఏకాదశికి దీన్ని మించింది ఏముందే?" అన్నారు. మొన్న ఏకాదశికీ, అంతకు ముందుదానికీ అదే తిన్నారు. నీరసం లేదుట. నీ మాట చెప్పాను, ఆవిడ నమ్మారు.

ఇంకో ఎనిమిది పొట్లాలు పంపు. సగం ఆవిడకి.

రాజబాబు గారు సంతలో కనిపించి, "తమరు కూడా తింటున్నారటగా అండీ, మా కొట్లో అందరికీ చెబుతున్నామండీ" అన్నారు. ఆయనకెలా తెలిసింది?

వీరాయమ్మ

*

మామిడికుదురు,
19 ఫిబ్రవరి 1954

సోమేశ్వరానికి,

ఈ ఉత్తరానికి వెంటనే జవాబు రావాలి.

మొన్న వీధి తలుపు చెక్క విడిపోతే కృపారావు మేస్త్రిని పిలిపించాం. అతను పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని, చెక్క అతికించే బంక కాచుకున్నాడు. తోలు కాలిన కంపు. నేను ముక్కు మూసుకుని వెళ్ళిపోయాను. మధ్యాహ్నం అతను అన్నానికి వెళ్ళాడు. నేను నూతి దగ్గరకి వెళుతూ అతని మూకుడు చూశాను. అందులో మిగిలిన బంక చల్లారి గట్టిపడి ఉంది. కాలు తగిలితే వణికింది.

నేను అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

అతను వచ్చాక అడిగాను, ఈ బంక దేనితో చేస్తారని. "ఆయ్, తోలు ముక్కలండీ, గిట్టలు, ఎముకలూనండీ. ఉడకేసి ఉడకేసి పిండితే వత్తాదండి. పట్నంలో పలకలు పోసి అమ్ముతారండి" అన్నాడు. వేడి చేస్తే నీళ్ళవుతుందా అన్నాను. అవుతుందన్నాడు. మళ్ళీ చల్లారితే గడ్డ కడుతుందా అన్నాను. కడుతుందన్నాడు.

నువ్వు పంపిన పొట్లం ఒకటి విప్పి నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టాను. నువ్వు చెప్పినట్టు దింపలేదు. అలాగే కాగనిచ్చాను. గులాబీ వాసన ముందు పోయింది. తరవాత ఇంకో వాసన వచ్చింది. కృపారావుని పిలిచి గిన్నె చూపించాను. వంగి వాసన చూసి, "ఇది మా బంకేనండి. మారాజులు సెంటు కొట్టేరు" అని నవ్వాడు. నవ్వు ఆపేసి నా మొహం చూసి, "తమరు గానీ తినేరా అండీ?" అన్నాడు.

నాచు ఉడకబెడితే సముద్రం కంపు కొట్టాలి. తోలు కంపు ఎందుకు కొడుతుంది? ఇది నాచా, తోలా? ఒక్క ముక్క రాయి.

వీరాయమ్మ

*

రాజమండ్రి,
2 మార్చి 1954

అక్కా,

నేను కాకినాడలో ఉండగా నీ ఉత్తరం వచ్చింది. అందుకే ఆలస్యం.

వడ్రంగి కృపారావుకి మద్రాసు ఫ్యాక్టరీ సంగతి ఏం తెలుసు? అతను బంక చూశాడు, గట్టిపడినదల్లా బంక అంటాడు.

నువ్వు ఒక్క ముక్క అడిగావు గానీ అది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు. దాని పేరు జెలటిన్. మొదట ఎక్కడినించి వచ్చిందన్నది వేరు, చివరికి ఏమైందన్నది వేరు. సున్నంలో నానబెడతారు, మందు నీళ్ళలో కడుగుతారు, ఏడెనిమిది సార్లు వడకడతారు. చివరికి మిగిలేది గాజు పొడిలా ఉంటుంది. అందులో పశువు ఏముంది? దొరలు రోగులకి ఇదే పెడతారు. మందు గొట్టాలు దీనితోనే చేస్తారు. మడి కట్టుకున్న ప్లీడర్లు కూడా ఆ గొట్టాలు మింగుతున్నారు.

నువ్వు చేపల పులుసు వండే ఇంట్లో ఉన్నావు. మన ఇళ్ళలో ఎవరూ శాకాహారులు కారు. దీనికి నిన్ను కులంలోంచి వెలివేసేవాళ్ళెవరూ లేరు. ఆ పంతం నీకు నువ్వు పెట్టుకున్నది. నీకు నువ్వే సడలించుకోవచ్చు.

కామాక్షమ్మ గారికి మాత్రం చెప్పకు. ఆవిడ వయసెంత? ఇప్పుడు చెప్పి ఆవిడకి ఏం మేలు చేస్తావు? తెలియక తిన్నది పాపం కాదని వాళ్ళ శాస్త్రాలే చెబుతాయి. నువ్వు చెబితే తెలిసినట్టవుతుంది. పొట్లాలు ఇవ్వడం మానెయ్యి, దొరకడం లేదని చెప్పు, సరిపోతుంది. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదని కూడా గుర్తుపెట్టుకో.

సోమేశ్వరరావు

*

మామిడికుదురు,
14 మార్చి 1954

సోమేశ్వరరావుకి,

అంటే తోలే. రెండు పేజీలు రాశావు గానీ ఆ ముక్క రాయలేదు. నేనే రాస్తున్నాను. తోలే.

ఎందుకు మానేశానో, మా రాగి ఆవు సంగతి, నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు నీకు చెబుతున్నాను. జాలి కోసం కాదు. నువ్వేం చేశావో నీకు తెలియాలని.

యాభైలో వానలప్పుడు రాగి ఆవు ఈనింది. పది రోజులకి దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే ఆవు చేపదు, పాలు దింపదు. అందరూ చేసేదే నేనూ చేశాను. దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి కుట్టించి, ఆవు ముందు నిలబెట్టాను. ఆవు దాన్ని నాకుతూ ఉంటే నేను పాలు పితికేదాన్ని. రెండు నెలలు అలా పితికాను. ఆ పాలే కాచాను, తోడు పెట్టాను, వెన్న తీశాను. ముసురుకి తోలు నాని కుట్టు విడిపోయింది. ఒకరోజు నేను పితుకుతుండగా దూడ పొట్టలోంచి గడ్డి బయటికి వచ్చింది. ఆవు నాకడం ఆపి ఆ గడ్డి తినడం మొదలుపెట్టింది. తన దూడ కడుపులోది పీక్కుని తింటోంది. దానికి ఏమీ తెలియదు. పాలు మాత్రం ఇస్తూనే ఉంది.

చెంబు అక్కడే పెట్టి లేచాను. ఆ రోజునించి ఏదీ ముట్టలేదు. కులం కోసం కాదు, పుణ్యం కోసం కాదు. తోలు చూపించి దాన్ని మోసం చేశాను. నువ్వు ఆ తోలే నా నోట్లో పెట్టావు. సున్నంలో నానబెట్టి పెట్టావు.

మీ బావగారు విని, "పాలు మానేసి తోలు తిన్నావటే!" అని నవ్వారు. ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన నాతో అబద్ధం ఆడలేదు.

కామాక్షమ్మ గారికి చెప్పాను. దొడ్డి గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అక్కడే కూలబడ్డారు. "ఏకాదశినాడుటే? ఆవుదిటే?" అని రెండే మాటలు. తరవాత తలుపు వేసుకున్నారు. నూతి దగ్గర గిన్నెలు పారేసిన చప్పుడు విన్నాను. నాలుగు రోజులు పొయ్యి రాజెయ్యలేదు. ఇప్పుడు గోమూత్రం తాగుతూ ఉపవాసాలు చేస్తున్నారుట. నాతో మాట లేదు. చెప్పి ఏం మేలు చేశావని నువ్వు అడగబోతావు. మేలు కోసం చెప్పలేదు. ఆవిడ రేపు ఏకాదశికి ఇంకో పొట్లం అడిగితే దొరకడం లేదని నేను చెప్పలేను, అందుకని చెప్పాను.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను. నిన్న బస్సెక్కి రాజోలు వెళ్ళాను, రాజబాబు గారికి కూడా చెబుదామని. కొట్టు గుమ్మానికి అట్టముక్క వేలాడుతోంది. "పాలు సైతం ముట్టని మామిడికుదురు వీరాయమ్మ గారు నిత్యమూ ఆరగించునది." నీ దస్తూరీ. నీకు అక్షరాలు దిద్దించినదాన్ని, నాకు తెలియదా?

నేను వచ్చిన పని చెబితే రాజబాబు గారు తల గోక్కున్నారు. "మాకు తెలుసండి. మీ తమ్ముడుగారు మొదటి రోజే చెప్పేరండి, 'మీ ఇంట్లో మాత్రం వాడకండి, మీకు పనికిరాదు' అనండి. మేం అమ్ముతామండి గానీ ఇంటికి పట్టికెళ్ళమండి. తమరికి కూడా తెలిసే తింటున్నారనుకున్నామండి" అన్నారు.

అది నవంబరు మాట. నేను దేనితో గట్టిపడుతుందని నీకు రాసిన నెలే. రాజబాబు శెట్టిగారికి నిజం చెప్పావు. నాకు నాచని రాశావు.

ఆ అట్ట నేనే తెంపాను. కొట్లో ఉన్న ఏడెనిమిది మందికీ వినపడేలా చెప్పాను, వీరాయమ్మని నేనే, ఇది తోలు అని. రాజబాబు గారు అడ్డు రాలేదు.

ఇప్పుడు నువ్వు ఒకటి చేయాలి. కార్డు రాయాలి. కవరు కాదు, కార్డు. ఇది దేనితో చేస్తారో, నీకు ఎప్పటినించి తెలుసో, నాకు ఏమని రాశావో కార్డు మీద రాసి నా పేరున పోస్టులో వెయ్యి. ఈ ఊళ్ళో కార్డు నా దగ్గరకి వచ్చేలోపు ఎంతమంది చదువుతారో నీకు తెలుసు. అందుకే కార్డు.

వీరాయమ్మ

*

రాజమండ్రి,
29 మార్చి 1954

అక్కా,

నీ కోరిక తీరింది. రాజబాబు గారు పెట్టెలు తిప్పి పంపేశారు. అమలాపురంలో మూడు కొట్లు కూడా. నువ్వు కొట్లో నిలబడి అరిచిన సంగతి ముమ్మిడివరం దాకా పాకింది. మద్రాసునించి సంజాయిషీ అడిగారు. ఏం రాయమంటావు? మా అక్క ఆవు మీద జాలితో నా సరుకు ఆపేసిందని రాయనా?

నేను దొంగతనం చేయలేదు. విషం అమ్మలేదు. ఊళ్ళో నూటికి ఎనభై మంది మాంసం తినేవాళ్ళే. వాళ్ళలో ఎవరికి నష్టం? నువ్వొక్కదానివి మానేశావు. అది కూడా తల్లి కడుపులోంచి మానేసి రాలేదు. నలభై ఐదేళ్ళు పాలు తాగావు, పులస తల కోసం నాతో దెబ్బలాడావు. తరవాత ఒకరోజు మానేశావు. నీ నియమం మూడేళ్ళది. నా పెళ్ళాం బిడ్డల తిండి రోజూది.

నాచని ఎందుకు రాశానంటావా? నువ్వు తీపి ఇష్టం లేక మానలేదని రాశావు. ఆ ముక్క చూసి రాశాను. ఎవరికీ తెలియకుండా పోయేది, ఒక ముసలిదీ నువ్వూ నాలుగు ముద్దలు తీపి తినేవాళ్ళు అనుకున్నాను. అట్ట మీద నీ పేరు రాయడం తప్పే. అది తరవాత వచ్చిన ఆలోచన. కొట్లోవాళ్ళు నమ్మడం లేదు, నీ పేరు చెబితే నమ్మారు.

కార్డు రాయను. నా చేతుల్లో ఇంకా ఏలూరు, కాకినాడ వైపు కొట్లున్నాయి. నా చేతి రాతతో అలాంటి కార్డు బయటపడితే అవీ పోతాయి. నీకు నిజం కావాలి, చెప్పాను. కవర్లో చెప్పాను. అది చాలు.

నా ఎదుగుదల చూడలేని వాళ్ళు బయట ఎవరూ లేరు. ఇంట్లోనే ఉన్నారు.

సోమేశ్వరరావు

*

మామిడికుదురు,
20 ఏప్రిల్ 1954

సోమేశ్వరరావుకి,

పులస తల కోసం దెబ్బలాడాను. నిజమే. ఇప్పుడు తినను, అది కూడా నిజమే. నిన్న తిన్నావు కాబట్టి ఇవాళ కూడా తిను అని నాకు చెప్పే హక్కు నీకు లేదు. నాలుగు ముద్దలు తీపి తినాలో వద్దో నేను చూసుకుంటాను. దానికే నిన్ను అడిగింది.

ఊళ్ళో ఏమనుకుంటున్నారో విను. నేను తెలిసే పెట్టానంటున్నారు. తమ్ముడి ఉద్యోగం నిలబెట్టడానికి బ్రాహ్మణ విధవరాలి ఏకాదశి చెడగొట్టానంటున్నారు. అట్ట చూసినవాళ్ళు చాలామంది ఉన్నారు గదా, "రోజూ తినేదిట, తెలియకుండా తింటుందా?" అంటున్నారు. కామాక్షమ్మ గారి తమ్ముడి కొడుకు కొత్తపేటనించి వచ్చి మీ బావగారిని వీధిలో నిలబెట్టి అడిగాడు. ఆయనకి నవ్వు వచ్చే సంగతి కాదది. ఇంటికొచ్చి అన్నం తినలేదు. మా వీధి బుజ్జమ్మ కూతురి సీమంతానికి నన్ను పిలిచారు గానీ నా పళ్ళెంలో చలిమిడి పెట్టబోతున్నావిడ చెయ్యి ఎవరో పట్టుకుని ఆపారు. నేను చూశాను.

నీ కవర్లు పెట్టెలో ఉన్నాయి. వాటిని పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి చదివించుకునే పని నాది కాదు. రాసింది నువ్వు, చెప్పాల్సింది నువ్వు.

కార్డు రాకుండా నా నుంచి ఇంకో ఉత్తరం రాదు. ఆదిలక్ష్మి చేత రాయించకు. వేసవికి పిల్లల్ని పంపకు.

వీరాయమ్మ

*

(కార్డు)

రాజమండ్రి,
3 జూన్ 1954

మామిడికుదురు వీరాయమ్మ గారికి, ఇది చదివిన అందరికీ.

గులాబీ బొమ్మ పొట్లంలో ఉన్న జెల్లీ పొడి పశువుల తోళ్ళు, ఎముకలు ఉడికించి తీసిన దానితో గట్టిపడుతుంది. పాలు నెయ్యి లేకపోయినా శాకాహారులకి పనికిరాదు. కంపెనీలో చేరిన రోజునే నాకు ఈ సంగతి తెలుసు. మా అక్క నన్ను అడిగింది. సముద్రపు నాచని అబద్ధం రాశాను. ఆవిడకి ఫిబ్రవరి దాకా తెలియదు. రాజోలు కొట్లో ఆవిడ పేరుతో అట్ట పెట్టింది నేను. ఆవిడని అడగలేదు.

సోమేశ్వరరావు

*

మామిడికుదురు,
11 జూన్ 1954

సోమేశ్వరానికి,

కార్డు చేరింది. పోస్టు వరప్రసాదం దాన్ని ముందు కాలవ లాకు దగ్గర చదివాడు, తరవాత రామలక్ష్మి అరుగు మీద, తరవాత కల్లు దుకాణం దగ్గర అడిగితే అక్కడ కూడా చదివాడుట. నా చేతికి వచ్చేసరికి మూల నలిగిపోయింది. గుమ్మంలో నిలబడి, "అమ్మా, కార్డండీ. ఇందులో మీ తప్పేం లేదండీ" అన్నాడు. నేనింకా చదవనేలేదు.

నువ్వు ఆ ఉద్యోగం మానేశావని ఆదిలక్ష్మి రాసింది. రాయించవద్దన్నాను, అయినా రాసింది. నేను నిన్ను ఉద్యోగం మానెయ్యమని అడగలేదు. కార్డు అడిగాను. రాశావు. రాయడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నేను ఈ వీధిలో ఎలా నడిచానో నీకు తెలియదు. నా కోపం కార్డు కోసం కాదు కాబట్టి కార్డుతో పోలేదు.

సాయంత్రం కామాక్షమ్మ గారు దొడ్డివైపు వచ్చారు. మార్చి తరవాత ఇదే మొదలు. బాగా చిక్కిపోయారు. కంచెకి అవతలే నిలబడి, "విన్నానే. మీ తమ్ముడు రాసింది విన్నాను. నువ్వు తెలిసి పెట్టలేదు" అన్నారు. నేను ఆయ్ అన్నాను. ఆవిడ వెళ్ళలేదు. "మరి నేను అడిగినప్పుడు అలా ఎందుకన్నావే?" అన్నారు.

ఇది నీకు నేను రాయలేదు. డిసెంబరులో పొట్లం ఇచ్చినప్పుడు నీ మాట చెప్పానని రాశాను. నిజమే, ముందు నీ మాటే చెప్పాను. ఆవిడ నమ్మలేదు. "మీ తమ్ముడు వ్యాపారస్తుడు, వాడి మాట నాకెందుకు? ఆ నాచు నువ్వు చూశావుటే?" అన్నారు. చూశానన్నాను. అంతర్వేది దగ్గర సముద్రం ఒడ్డున ఎండబెట్టి ఉండగా నా కళ్ళతో చూశానన్నాను. నేను ఏమీ చూడలేదు.

ఎందుకన్నానంటే, మూడేళ్ళుగా ఏది తిన్నా నేనొక్కదాన్నే వేరే మూల కూర్చుని తింటున్నాను. ఆవిడ కూడా తింటే బాగుండుననిపించింది. నువ్వు రాసిన నాచు మాటకీ, నేను ఆడిన సముద్రం మాటకీ పెద్ద తేడా లేదు.

కంచె దగ్గర ఆవిడకి ఆ సంగతి ఒప్పుకున్నాను. ఆవిడ, "మీ తమ్ముడి కార్డులో ఆ ముక్క లేదు గదా" అన్నారు. అని లోపలికి వెళ్ళిపోయారు. తలుపు వేసిన చప్పుడు రాలేదు, అంతే తెలుసు.

ఆ ముక్క నువ్వు రాయలేవు. నేనే ఒక కార్డు కొన్నాను. అంతర్వేది వెళ్ళలేదని, ఏ నాచూ చూడలేదని, ఆవిడ అడిగితే చూశానని అబద్ధం చెప్పానని రాశాను. పేరు పెట్టాను. పక్కింటికి పోస్టులో పంపడమేమిటని వరప్రసాదం అడిగాడు. పంపమన్నాను. రేపు దాన్ని పట్టుకుని లాకునించి మొదలుపెట్టి అందరికీ చదువుతాడు. చదివి, మా గుమ్మం ముందునించే ఆవిడ ఇంటికి వెళ్ళాలి.

నువ్వు ఇప్పుడే రాకు.

వీరాయమ్మ